పైనున్న రూలు

కంప్యూటర్ సెంటర్లో అందరూ ఆవిడను పోస్టుమాస్టరమ్మ అంటారు. యూనివర్సిటీకి వచ్చే ఈమెయిల్ మొత్తం ఆవిడ చూసుకునే యూనిక్స్ సర్వరు మీదుగానే పోవాలి. పనిలో ఆరితేరిన మనిషి, ఆ సంగతి ఎదుటివాళ్లు మరిచిపోకుండా చూసుకునే మనిషి కూడా. కొత్తగా చేరినవాళ్లకు, అక్కర్లేని మెయిల్ను వేరుచేసే ఫిల్టర్ల గురించి ఆవిడ చెప్పే పాఠం ఒకటే: "దేన్నీ తిన్నగా పారెయ్యకండి. ముందు పక్క ఫోల్డర్లోకి మళ్లించి కొన్నాళ్లు చూడండి."

సొంత అక్క దగ్గరికొచ్చేసరికి ఆ పాఠం గాలికి పోయింది.

అక్కది అక్కడే లైబ్రరీలో ఉద్యోగం. విడాకులయ్యాక కూతురు తండ్రి దగ్గర ఉండిపోయింది. ఆ మహానుభావుడు పొద్దున లేస్తే అక్కకు మెయిల్లో తిట్ల దండకం పంపేవాడు. ఫోన్ నంబరు మార్చుకుంది గానీ ఆఫీసు మెయిల్ ఎక్కడ మార్చుకుంటుంది? ఒక మధ్యాహ్నం చెల్లెలి గదికొచ్చి, తెచ్చుకున్న అన్నం డబ్బా మూత కూడా తియ్యకుండా ఏడ్చింది.

"ఆయన రాసేవి నా కంటపడకుండా చెయ్యవే. 'పాప' అన్న మాట ఉన్నవి మాత్రం ఉంచు. దాని కబురు తెలియడానికి నాకింకో దారి లేదు."

"ఈ మాత్రానికి ఏడుస్తావేంటక్కా? చిటికెలో పని."

ఏ మెయిల్ ఎటు పోవాలో ఫిల్టర్లో రాసిన రూల్సును సర్వరు పైనుంచి కిందికి చదువుతుంది. ఏది ముందు సరిపోతే మెయిల్ అటే పోతుంది, కింద ఉన్నవాటిని ఇక చూడదు. ఇది ఆవిడ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కానీ ఆ వేళ ఒళ్లు మండిపోతోంది. కసికొద్దీ ముందు బావ అడ్రసు కొట్టి, ఎంతొస్తే అంత చెత్తలో పొయ్యమని రాసింది. పాప సంగతి దాని కింద రాసింది. సరిగ్గా ఉందో లేదోనని తన అడ్రసు నుంచే 'పాప' అని ఒక మెయిల్ పంపింది. అది వచ్చింది. రాక చస్తుందా, ఆవిడ అడ్రసును ఆపే రూలే లేదు కదా!

పీడ విరగడైంది. అక్క మొహం తేటపడింది. అప్పుడప్పుడు మాత్రం అడిగేది.

"పాప గురించి ఏమీ రాలేదంటావా?"

"వస్తే నీకే కనపడుతుందిగా. కడుపునిండా విషం పెట్టుకున్న మనిషి పాప కబురు చెప్తాడా?"

సర్వర్లో చోటు చాలక ఒకరోజు పాత లాగ్ ఫైళ్లు తీసేస్తూ, చెల్లెలు అక్కది తెరిచింది. ప్రతి మెయిల్ సబ్జెక్టు, అది ఎటు పోయిందీ అందులో ఉంటాయి. లోపలి మాటలు ఉండవు, అవి పోయినట్టే. బూతుల మధ్య కనిపించాయి.

'పాప నీ దగ్గర ఉంటానంటోంది.'

'ఆదివారం పాపను స్టేషన్‌కి తెస్తా, వచ్చి తీసుకెళ్లు.'

'పాప చీకటిపడేదాకా కూర్చుంది.'

'పాప ఇక నిన్ను అడగదు.'

నాలుగింటి కిందా చెత్త అనే ఉంది.

వెళ్లి అక్కకు చెప్పింది. అక్క తిట్టలేదు, తిట్టినా బాగుండేది.

"ఆ ఆదివారం మనం ఏం చేశామే?"

"కిటికీలకు కర్టెన్లు కుట్టుకున్నాం."

అక్క ఆ పూటే ఉన్నదున్నట్టు కూతురికి, ఆయన అడ్రసుకే రాసింది. చెల్లెలు పైరూలును ఆపి ఉంచింది కాబట్టి దాని తండ్రి జవాబు అందింది: పాప చదవనంది. ఇంకోసారి రాసింది. దానికి తిట్లొచ్చాయి.

"రూల్సు సరిచేస్తానక్కా. పాప మాటున్నవే వచ్చేట్టు, మిగతావి..."

"వద్దు. అన్నీ తీసెయ్. నా మెయిల్ జోలికి ఇంకెప్పుడూ రాకు."

ఇప్పుడు అన్నీ వస్తున్నాయి. లైబ్రరీ తలుపులు తెరవకముందే అక్క వచ్చి కూర్చుని వాటిని తెరుస్తుంది. ఎంత పచ్చి బూతులున్నా ఆఖరి అక్షరం దాకా వదలదు. ఎక్కడో ఒకచోట పాప గురించి ఒక్క మాటైనా ఉంటుందేమోనని చదువుతుంది.