పావుగంట

మా ఇంట్లో తలనొప్పి వచ్చిందన్నా, "ఎవరికి?" అనే ప్రశ్న వస్తుంది. బడిపంతులుగా రిటైరయ్యాక 'నేనెవరు' అన్న విచారణలో పడ్డాను. ఏ తలపు లేచినా అది ఎవరికి లేచిందని వెతకడమే పదిహేనేళ్లుగా నా పని. అరుణాచలంలో ఉంటూ అదీ చెయ్యకపోతే ఎలా? "ఆకలి ఎవరికి?" అంటే మా ఆవిడ వడివు మాత్రం, "వండి చచ్చేదానికి" అని గరిటె ఊపేది.

ఆ పౌర్ణమి పొద్దున ఈ విచారణ నేర్చుకుందామని వచ్చిన కొత్తవాళ్లు నలుగురు మా వరండాలో కళ్లు మూసుకుని కూర్చున్నారు. వడివు వంటింట్లోంచి వచ్చి గుమ్మం పట్టుకుంది.

"ఏవండీ, ఎడం చెయ్యి లాగేస్తోంది. గుండె మీద రోలు పెట్టినట్టుంది."

నలుగురూ కళ్లు తెరిచి నావంక చూస్తున్నారని తెలుస్తూనే ఉంది. "ఆ నొప్పి ఎవరికో చూడు," అన్నాను. గొప్ప కోసమే అన్నాను.

తను గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుంది. "అమ్మగారికి పట్టుబడింది," అని ఒకాయన గుసగుసలాడితే నాకు ఒళ్లు పొంగింది.

పావుగంటకు పక్కింటి పచ్చయమ్మ చింతపండు అడగడానికి వచ్చింది.

"పంతులయ్యా, కళ్లు కనబడట్లేదా? చెమటకి జాకెట్టు తడిసిపోయింది, పెదాలు నల్లబడ్డాయి! మీ ధ్యానం తగలెయ్య, లేవండి!"

ఆటో దొరికింది గానీ దారి దొరకలేదు. ఊరంతా గిరిప్రదక్షిణ జనమే. వడివు చెయ్యి నా చేతిలో చల్లబడుతోంది. ఈ భయం ఎవరికి అని అలవాటుగా ప్రశ్నించుకున్నాను. ఎప్పుడూ ఆ ప్రశ్నతో లోపల సద్దుమణిగేది, ఈసారి మణగలేదు. ఇది పోతే నా గతేమిటన్న ఒక్క మాటే లోపల తిరుగుతోంది. సగం బయటికి వేలాడుతూ, "దారివ్వండయ్యా, నా పెళ్లాం!" అని గొంతు చించుకున్నాను.

ఆస్పత్రిలో వడివును లోపలికి తోసుకుపోయారు. బతికేదీ లేనిదీ సాయంత్రానికి గానీ చెప్పలేమన్నారు. చిన్న వయసు డాక్టరమ్మ కాగితం పట్టుకుని వచ్చింది.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"గంట దాటింది."

"గంటా? ఇంతసేపు ఏం చేశారు?"

మాతోపాటే ఆటోలో వచ్చిన పచ్చయమ్మ నన్నొకసారి చూసి చటుక్కున అందుకుంది. "పౌర్ణమి జనం కదమ్మా, దారి దొరకలేదు."

డాక్టరమ్మ తలూపి అదే రాసుకోబోయింది. నేను నోరు మూసుకుంటే సరిపోయేది.

"దారి ఒక్కటే కాదమ్మా. చెయ్యి లాగుతోందని నాతో వెంటనే చెప్పింది. పావుగంట కదలకుండా కూర్చోబెట్టారు."

"ఎవరు?"

పదిహేనేళ్లు వెతికితే దొరకనివాడు అక్కడే, ఆ డాక్టరమ్మ ముందు, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నేనేనమ్మా," అన్నాను.