కాశమ్మతో గుంజీళ్లు

తెలకపల్లి కాశమ్మ మనవరాలు నిస్సీ మూడో తరగతి. అమ్మానాన్నలు పనికోసం పుణె వెళ్లినప్పటినుంచి ఆ పిల్ల బడిలో నోరు విప్పడం లేదు. టీచరు చెబితే కాశమ్మ దాన్ని నాగర్‌కర్నూల్‌లో, పిల్లలకు ఆటలతోనే వైద్యం చేసే అర్చన మేడం దగ్గరికి తీసుకెళ్లింది.

గదిలో సూదీ లేదు, మందూ లేదు. బొమ్మలు, ఇసుక, రంగులు ఉన్నాయి.

“ఆడుకునేదానికి గింత దూరం రావాల్నా మేడం? ఇంటికాడ మేకపిల్లలతోని ఆడుతనే ఉంటది,” అంది కాశమ్మ.

“నోటితోని చెప్పలేనిది పిల్లలు ఆటల చెప్తరమ్మా. వారం వారం తీసుకరండ్రి. లోపల ఏం ఆడినవని మాత్రం అడగకుండ్రి.”

కాశమ్మ అడగలేదు. కిటికీ సందులోంచి తొంగిచూసింది. నిస్సీ వచ్చి కర్టెన్ మూసేసింది.

నాలుగో వారం నిస్సీయే తలుపు తీసి అవ్వను లోపలికి పిలిచింది. ఆ రోజు బడి ఆట. టీచరు నిస్సీ.

“కాశమ్మా, లే! ఏడో ఎక్కం చెప్పు!”

పేరు పెట్టి పిలిచేసరికి కాశమ్మ గుడ్లురిమింది. ఆటలో పిల్ల చెప్పిందే వినాలని మేడం మెల్లగా గుర్తుచేసింది.

“తెల్వదు టీచర్. మేక నా పుస్తకం తిన్నది.”

“అబద్ధాలు చెప్తవా? గుంజీళ్లు తియ్!”

కాశమ్మ రెండు తీసి, మూడోదానికి కూలబడి, “మా అమ్మకు చెప్త!” అని దొంగ ఏడుపు మొదలుపెట్టింది.

నిస్సీ పకపకా నవ్వింది. తర్వాత దగ్గరికొచ్చి గౌను అంచుతో అవ్వ కళ్లు తుడిచింది.

“ఏడ్వకు. మీ అమ్మ పని అయిపోంగనే వస్తది.”

ఈసారి కాశమ్మకు నిజంగానే ఏడుపొచ్చింది.

బడిలో నిస్సీ గొంతు వినపడడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఇంట్లో మాత్రం రోజూ సాయంత్రం బడి నడిచేది. కాశమ్మ ఎక్కం కావాలనే తప్పు చెప్పేది.