ప్రెవిట్ గారితో కొండ నడక

ఆల్డెన్ ప్రెవిట్ గారు కుర్రతనంలో, మంచినీళ్ళు తాగమని మనుషులకు గుర్తుచేసే యాప్ ఒకటి తయారుచేశారు. దాన్ని ఒక పెద్ద కంపెనీ కొని, కొన్న ఏడాదే మూసేసింది. అప్పటినుంచి ఆయన, వీధికో కంప్యూటర్ కంపెనీ ఉన్న మా లోయకు జ్ఞాని. ఇతరుల కంపెనీల్లో డబ్బు పెడతారు, ప్రతి ఆదివారం ఒక వ్యాసం రాస్తారు. కంపెనీ పెట్టేవాళ్ళు పొద్దున్న ఏమీ తినకూడదని రాసిన వారం వాళ్ళంతా చేరే వుడ్‌సైడ్ హోటల్లో పాన్‌కేకులు అడిగే దిక్కు లేకపోయింది. చదువు మధ్యలో మానేసినవాళ్ళే గొప్పవాళ్ళని రాసినప్పుడు, డిగ్రీ ఉన్న కుర్రాళ్ళు ఆ సంగతి దాచుకు తిరిగారు.

మా అక్క మారెన్‌కు డిగ్రీ ఉంది. బావి పంపు చెడిపోకముందే రైతుకు ఫోన్లో చెప్పే పరికరం ఒకటి చేసింది. మా ఊరు లా హోండా తోటల్లో అది చక్కగా పనిచేస్తోంది. అయినా డబ్బు పెట్టేవాళ్ళందరూ అక్కను గుమ్మంలోంచే పంపేశారు. ఇక మిగిలింది ప్రెవిట్ గారే. ఆయన కూడా కాదంటే కంపెనీ మూసేసి, అక్క విసుగెత్తి వదిలేసిన పాత ఉద్యోగానికే వెళ్ళాలి.

ఆయన గదిలో కూర్చుని మాట్లాడరు. కొండ ఎక్కుతూనే మాట్లాడతారు. దారి తెలిసినదాన్నని అక్క నన్ను వెంటబెట్టుకెళ్ళింది.

"నువ్వేం మాట్లాడక్కర్లేదే బ్రయనీ," అంది కారులో. కొత్తవాళ్ళ ముందు నాకు మాటే రాదు, ఆ సంగతి ఒకరు చెప్పాలా!

"పంపు శబ్దం మారగానే మా పరికరం..." అని కొండ ఎక్కుతూ అక్క మొదలుపెట్టింది.

"పంపు సంగతి వదిలెయ్. నువ్వెవరు?" అన్నారు ప్రెవిట్ గారు.

"మారెన్‌నండీ. పోయిన వారం మెయిల్ పెట్టాను."

"పేరు కాదమ్మా! లోపల ఎవరు?"

అక్కకు ఆయాసం వస్తోంది. లోపల ఎవరున్నారో చెప్పేంత ఊపిరి లేదు.

"ఎదుటివాడి మాటకు అడ్డుపడగలిగినవాడే అసలైన ఫౌండర్. మార్చిలో రాశాను, చదివావా?"

"చదివానండీ, రెండుసార్లు."

"మరి నన్ను మొత్తం చెప్పనిచ్చావేం? అదే నీ జబ్బు. నేను నీ వయసులో..."

ఆ కథ చెప్పడానికి ఆయన మా వైపు తిరిగి వెనక్కి వెనక్కి నడవసాగారు. ఆయన మడమలకు రెండడుగుల దూరంలో, ఎండలో, తోక గలగలలాడిస్తూ విషపు గిలకపాము చుట్టచుట్టుకుని ఉంది.

"నోర్మూసుకుని ఆగండి!" అని అరిచాను.

ఆయన ఆగిపోయారు. పాము గడ్డిలోకి జారుకుంది. ఆయన దాన్ని చూడనే లేదు. కళ్ళన్నీ నా మీదే.

"ఈ పిల్లెవరు?"

"మా చెల్లెలండీ. మీ వెనక పాము..."

"పాముదేముందిలే. నీ కంపెనీ ఏమిటి పాపా?"

"నేను తొమ్మిదో తరగతి."

"ఇంకా బడిలోనే ఉన్నావా! రేపే మానెయ్. డబ్బు నేను పెడతాను."

"దేనికండీ?"

"అది తర్వాత నువ్వే కనుక్కుంటావు."

అక్క నా చెవి దగ్గరికి వంగింది. "కాగితం మీద నీ పేరు, పని నాది. ఇంట్లోనే చదువుకుందువులేవే. ఒక్కసారి ఊఁ అను."

నాకు మా బడి ఇష్టం. నేల చూస్తూ తల అడ్డంగా ఊపాను.

"ఎందుకు?" అన్నారాయన.

ఎంత ప్రయత్నించినా నోరు పెగల్లేదు. ఆయన వెనుదిరిగి కొండ దిగిపోయారు. ఇంటికెళ్ళగానే అక్క, ఉద్యోగం మళ్ళీ ఇమ్మని పాత ఆఫీసుకు రాయడానికి కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఆదివారం వ్యాసం వచ్చింది. అందులో పాము లేదు, అక్క కూడా లేదు. పంపుల కంపెనీ నడిపే ఒక పిల్ల ఉంది. ఆయన నోరు మూయించి, ఆయన డబ్బు వద్దని, ఎందుకో కూడా చెప్పలేదట. "నన్ను కాదన్న మొదటి మనిషి. ఆమెకు ఎవరి డబ్బు పనికొస్తుందో వాళ్ళు అదృష్టవంతులు," అని ముగించారు.

సోమవారం పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి. అక్కను గుమ్మంలోంచి పంపేసినవాళ్ళే, పంపుల కంపెనీ నంబరు వెతుక్కుని మరీ.

"ఆవిడతో ఒక్క మాట మాట్లాడొచ్చా?"

"తను ఎవరితోనూ మాట్లాడదండీ," అంది అక్క. నిజమే మరి.

"అబ్బా, అసలైన ఫౌండర్! పరికరం ఏమిటో తర్వాత చూద్దాం, మేం సిద్ధం. ఇంతకీ మీరెవరండీ?"

అక్క ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

"ఆవిడ దగ్గర పనిచేస్తానండీ," అంది. తర్వాత ఫోన్ అరచేత్తో మూసి, సంచీ భుజాన వేసుకుంటున్న నా వైపు తిరిగింది.

"బడికి వెనక గుమ్మంలోంచి వెళ్ళవే. నువ్వింకా చదువుతున్నావని ఎవరికైనా తెలిస్తే మన కొంప మునుగుతుంది."