డాక్టరుకు చెప్పిన ముచ్చట

పోస్ట్‌మన్ భూమేశ్ రిజిస్టర్ కవరును బస్సు కిటికీలోంచే అందించాడు. కథలాపూర్‌లో కోరుట్ల బస్సు కదలబోతోంది. సారయ్య గబగబా సంతకం గీకి, కవరు తీసుకుని పక్కన కూర్చున్న కూతురు అనూష చేతిలో పెట్టాడు.

"సదువు బిడ్డా. గది అప్పీలుదే ఉంటది."

సారయ్య ఇరవై రెండేళ్లు సైన్యంలో పనిచేసి హవల్దారుగా ఇంటికొచ్చిన మనిషి. వచ్చేనాటికే ముక్కు ఎడమ పక్కన ఓ గుంట ఉంది. అక్కడి పుండు చర్మ క్యాన్సరని సర్వీసులో ఉండగానే డాక్టర్లు తేల్చి, కోసి తీశారు. వైకల్య పింఛను మాత్రం ఇవ్వలేదు. జబ్బుకూ ఉద్యోగానికీ సంబంధం లేదని ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకున్నారు. దాని మీద అప్పీలు పెట్టుకుని ఏడాది దాటింది.

అనూష డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. మొదటి పేజీ చూసి తిప్పింది. రెండో పేజీ సగంలో ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"బాపూ, నువ్వు కల్లుకు తాళ్లెక్కినవా?"

"ఎక్కిన. ఎందుకు?"

"ఎవలకన్న చెప్పినవా?"

సారయ్యకు అర్థం కాలేదు. అనూష కాగితం మీద వేలు పెట్టి, ఒక్కో మాటే తెలుగులో చెప్పింది. "సైన్యంలో చేరకముందు తండ్రితో కలిసి కల్లు గీత పని చేసినట్టు ఈయనే మెడికల్ బోర్డు ముందు చెప్పిండు. ఆ పనిలో తగిలిన ఎండతోనే జబ్బుకు బీజం పడ్డదని బోర్డు అభిప్రాయం. అందుకే అప్పీలు తోసిపుచ్చుతున్నం. గిట్ల రాసిండ్రు బాపూ."

కండక్టర్ వచ్చి టికెట్ అడిగితే, సారయ్యకు జేబులో డబ్బులున్న సంగతి కూడా తోచలేదు. అనూషే తీసుకుంది.

ఆ రోజు అతనికి బాగా గుర్తుంది. రిటైరయ్యే ముందు జరిగిన పరీక్షలు. బోర్డులో అందరికంటే చిన్నవాడైన డాక్టరు నవ్వుతూ మాట్లాడాడు, టీ తెప్పించాడు. మీ ఇంట్లో ఏం చేస్తారని హిందీలో అడిగాడు. ఇరవై రెండేళ్లలో ఒక ఆఫీసరు తన ఇంటి సంగతి అడగడం అదే మొదటిసారి. సారయ్య మురిసిపోయాడు. మా నాయన తాళ్లు గీసేవాడు, నేనూ బడి సెలవుల్లో నడుముకు మోకు కట్టుకుని ఎక్కేవాణ్ణి, మా కల్లు తాగితే మీరు ఇంకేదీ ముట్టరు సార్ అన్నాడు. డాక్టరు పకపకా నవ్వాడు. నవ్వుతూనే ఏదో రాసుకున్నాడు. ఆ రాసుకున్నది ఇదన్నమాట.

వారం రోజులు సారయ్య అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయాడు. భార్య బాలలక్ష్మి ఎంత అడిగినా ఏమీ లేదన్నాడు. చివరికి అనూషే పట్టుబట్టి జగిత్యాలకు తీసుకుపోయింది. అక్కడ వకీలు జలపతి రావు మాజీ సైనికుల కేసులు చూస్తాడు.

జలపతి రావు కాగితాలన్నీ చదివి కళ్లద్దాలు తీశాడు.

"దీంట్ల ఇబ్బందేం లేదు సారయ్యా. నువ్వెన్నడూ చెట్టెక్కలేదని అఫిడవిట్ వేద్దాం. మీ నాయన పని గురించి చెప్తే డాక్టరు తప్పుగ అర్థం చేసుకున్నడని రాద్దాం."

"ఎక్కిన సార్. పద్నాలుగు, పదిహేనేండ్లప్పుడు. రెండు ఎండకాలాలు."

"అది నాకు తెల్వనక్కరలేదు."

"మా నాయన నాకు నేర్పిండు సార్. ఎక్కలేదని ఎట్ల రాయాలె?"

అంతవరకూ ఊరుకున్న అనూష తండ్రి వైపు తిరిగింది.

"బాపూ, ఏ టైంకు ఎక్కుతుండె?"

"తెల్లారంగ. మల్ల పొద్దుగూకంగ. మిట్ట మధ్యాహ్నం తాడెవడు ఎక్కుతడు బిడ్డా?"

జలపతి రావు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "గిది రాసియ్యెటోడు కావాలె. అనుభవం ఉన్నోడు."

అలాంటివాడు వాళ్ల ఊళ్లోనే ఉన్నాడు. డెబ్బై ఏళ్ల ఆగయ్య నలభై ఐదేళ్లు తాళ్లు గీసి, మోకాళ్లు సహకరించక మానేశాడు. సంగతి విని చాలాసేపు సారయ్య ముక్కు వైపే చూశాడు.

"తాడెక్కితె గీ రోగమొస్తదని సర్కారోళ్లు రాసిండ్రా?"

"రాసిండ్రు పెద్దబాపూ."

"మరి నాకేది?" అంటూ అంగీ పైకి లాగి వీపు చూపించాడు. ఒక్క మచ్చ లేదు. మర్నాడే జగిత్యాల వచ్చి, తాళ్లు ఏ వేళల్లో గీస్తారో కాగితం మీద రాయించి, నోటరీ ముందు వేలిముద్ర వేశాడు.

కేసు హైదరాబాద్‌కు చేరింది. సైనికుల తగవులు వినే ట్రిబ్యునల్లో వాయిదాల మీద వాయిదాలు పడి, రెండో ఏట విచారణకు వచ్చింది. న్యాయమూర్తి ఆగయ్య కాగితం చదివి, గీత పని ఏ వేళలో చేస్తారో బోర్డు కనుక్కుందా అని ప్రభుత్వ వకీలును అడిగాడు. ఆయన ఫైలు తిరగేసి, రికార్డులో లేదన్నాడు.

అప్పుడు జలపతి రావు లేచాడు. అవతలివాళ్లు దాఖలు చేసిన కట్టలోంచే ఒక చీటీ బయటికి తీశాడు. సారయ్య మంచు కొండల మీద కాపలా ఉన్నప్పుడు గుడారంలోని డాక్టరు రాసిన చీటీ అది. ముక్కు ఎడమవైపు ఎర్రటి మచ్చ, మంచు మీది ఎండ వల్ల, రెండు నెలలుగా మానలేదు, మలాము ఇచ్చాం. కింద తేదీ. క్యాన్సరని తేల్చడానికి సరిగ్గా ఏడేళ్ల ముందుది.

న్యాయమూర్తి తల ఊపి ఏదో రాసుకున్నాడు.

బయటికొచ్చాక జలపతి రావు సారయ్య భుజం తట్టాడు. "గెల్సినట్టే. గా చీటీ ఒక్కటి చాలు."

సారయ్య కదల్లేదు. ఆ గుడారానికి పోయిన సంగతే మరిచిపోయాడు. మలాము ట్యూబు మాత్రం ఇప్పుడు గుర్తొచ్చింది. అయిపోతే ఇంకోటి అడిగాడు, ఇచ్చారు.

"ఏడేండ్లు సార్," అన్నాడు. "గప్పుడే కోసేస్తె?"

జలపతి రావు చెయ్యి మెల్లగా భుజం మీది నుంచి జారింది. నీళ్లు తాగుదాం రమ్మన్నాడు.

నాలుగు నెలలకు తీర్పు ఇంటికొచ్చింది. జబ్బు సైనిక సేవ వల్లే వచ్చిందని, జీవితాంతం వైకల్య పింఛను ఇవ్వాలని ఉంది. అనూష చదువుతుంటే బాలలక్ష్మి పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"గెల్సినమా?"

"గెల్సినం," అన్నాడు సారయ్య.

అతని ముఖం చూసి ఆమె నవ్వలేదు. అప్పుడు చెప్పాడు, ఆ చీటీ సంగతి, ఏడేళ్ల సంగతి. చెప్పి, ఆమె చెయ్యి పట్టుకుని వేళ్లను తన దవడ కింద ఆనించాడు. చర్మం కింద చింతగింజంత గడ్డ అటూ ఇటూ కదిలింది.

బాలలక్ష్మి మళ్లీ నొక్కి చూసింది.

"ఎన్ని దినాలాయె?"

"నెల. తీర్పు రానీ అనుకున్న."

ఆమె పొయ్యి ఆర్పింది. మూల నుంచి పాత మిలటరీ సంచి తీసి దులిపి, అతని అంగీలు రెండు మడిచి పెట్టసాగింది. అనూష పెద్దాసుపత్రికి పోవడానికి ఫోనులో హైదరాబాద్ బస్సుల టైములు వెతుకుతోంది. తీర్పు కాగితం మంచం మీద తెరిచినది తెరిచినట్టే పడి ఉంది.

"పన్నెండింటికి ఒకటుంది అమ్మా," అంది అనూష.

"పట్టుకుంటం. బాపుకు చెప్పులియ్యి," అంది బాలలక్ష్మి.