పేరంటాలి చీర రెండో కొస

పసుపు చీర ఒక కొస ఝాన్సీ చేతుల్లో ఉంది. రెండో కొస ఎవరి చేతుల్లో ఉందో కనబడడం లేదు. చీర సాగుతూ సాగుతూ పోయి, పోయిన నెల ఆమె బర్మాలో చూసి వచ్చిన మౌల్మేన్ బియ్యం మిల్లు వాకిలి దాటి, ఎగురుతున్న ఊక దుమ్ములో కలిసిపోతోంది. కాళ్ళ కింద నేల ఊగుతోంది కాబట్టి ఇది వాకిలి కాదు, స్టీమరు అయి ఉండాలి. కానీ పక్కనే శ్రీకాకుళంలోని పుట్టింటి నుయ్యి ఉంది, గిలక కిర్రుకిర్రుమంటోంది, స్టీమరులో నుయ్యేమిటని ఆమెకు తోచడమే లేదు. ఆమె భయమంతా ఆ రెండో కొస గురించే.

"గట్టిగా అట్టుకోయే, గుంటా. నేలకి తగిలితే మైలయిపోద్ది," అంటుంది దుమ్ములోంచి ఒక గొంతు.

చీర బిగుస్తుంది. మొదటి మడత పడుతుంది. మడత పడ్డంత మేరా ఒక అమ్మాయి ముందుకు వస్తుంది. ఇరవై కూడా నిండి ఉండవు, ముక్కున నత్తు, నుదుట రూపాయంత బొట్టు. ఝాన్సీ ఆ ముఖాన్ని పోల్చుకుంటుంది. పారమ్మ!

ఆ ఇంట పుట్టినవాళ్ళెవరికీ పారమ్మ ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఝాన్సీ ముత్తాత తవిటినాయుడికి మొదటి పెళ్ళాం. ఆయన వెంట బర్మా వెళ్ళింది. అక్కడ కలరా తగిలి పసుపు కుంకాలతో పోయిందని ఆయనే ఒంటరిగా తిరిగొచ్చి చెప్పి, రెండో పెళ్ళి చేసుకున్నాడు. ముత్తయిదువగా పోయిన మనిషిని పేరంటాలని కొలవకపోతే రెండో ఆవిడ సంతానం నిలవదని ఇంటిల్లిపాదికీ భయం. అందుకని అప్పటినుంచీ ఏ శుభకార్యం వచ్చినా ముందు పారమ్మకి పూజ చేసి చీర పెడతారు, ఆ చీర ఇంటి ఆడపడుచు కట్టుకుంటుంది. ఇన్నేళ్ళూ మేనత్త నర్సమ్మ కట్టుకుంది. మామయ్య పోయాక ఆ వంతు ఝాన్సీకి వచ్చింది. రేపు తమ్ముడి కూతురు హిమజ పెళ్ళి, ఈ సాయంత్రమే పూజ.

ఝాన్సీ ఊరుకుని ఉంటే సరిపోయేది. ఊరుకుంటే ఝాన్సీ ఎలా అవుతుంది? వంశం ఎక్కడెక్కడ వేళ్ళూనిందో చూస్తానని బయల్దేరి మౌల్మేన్ వెళ్ళి, వచ్చీరాని తెలుగు మాట్లాడే ఒక ముసలాయన ఇంట్లో టీ తాగుతూ, గోడమీది ఫోటో ఎవరిదని అడిగింది. "మా మామ్మ పారమ్మ. సీకాకులం మనిషి. తొంభై ఏళ్ళు బతికింది," అన్నాడాయన. కొరివితో తల గోక్కోవడమంటే అదే. తిరిగొచ్చి నర్సమ్మత్త ఒక్కదాని చెవినే వేస్తే, ఆవిడ నోరు మూయించేసింది. "ఏటి మొదలూ రుషి మొదలూ అడగకూడదంతారు గదే. పెళ్ళయినదాకా ఆ నోరు కుట్టీసుకో!"

రెండో మడత పడుతుంది. ఇప్పుడు పారమ్మకి నలభై ఏళ్ళుంటాయి. జుట్టంతా ఊక.

"నాను బతికుండగానే సీరలెట్టేసినారు గదే," అంటుంది, దెప్పుతున్నట్టు కాదు, ఊసుపోక మాట్లాడుతున్నట్టు. "మీరు అక్కడ సాంబ్రాణి ఎయ్యడం, ఇక్కడ నాకు ఊపిరందకపోవడం. మిల్లులో అందరూ ఉబ్బసమనీవోరు."

"మాకు తెలీదు మామ్మా."

"నువ్వూ వొచ్చీదానివి. పరికిణీ ఏసుకుని ముందు వరసలో కూకునీదానివి. నా పేరు సెప్పి పంచిన సలిమిడి బాగుండీదా?"

ఝాన్సీ నోట్లో ఆ తీపి ఊరుతుంది, ఊరి ఊకలా మారుతుంది. చీర వదిలేసి పారిపోవాలని ఉంది. వేళ్ళు రావడం లేదు. గిలక ఆగిపోయింది. నూతి గట్టుమీద హిమజ పెళ్ళిబట్టల్లో అటు తిరిగి కూర్చుని ఉంది, ఎంత పిలిచినా ఇటు తిరగడం లేదు.

"పిల్లనేమీ చెయ్యకు. నీకు దండం పెడతాను," అని ఏడుస్తుంది ఝాన్సీ.

"నానేటి సేత్తానే? ఊక ఊడిసి ఒక్క కొడుకుని పెంచుకున్నదాన్ని. ఒక్క మాట అడగడానికొచ్చినాను, అంతే."

మళ్ళీ మడత. అరవై ఏళ్ళ పారమ్మ. ఇంకో మడత. ఇక చీర లేదు, మూరెడు గుడ్డకి అటూ ఇటూ ఇద్దరే మిగిలారు. తొంభై ఏళ్ళ ముసలమ్మ ముఖం ఝాన్సీ ముఖానికి ఆనేంత దగ్గరగా ఉంది. పళ్ళు లేవు, కళ్ళ మీద పొర. బొట్టు ఒక్కటే పందొమ్మిదేళ్ళప్పటిలా ఎర్రగా, తడిగా ఉంది. ఆవిడ చేతులు ఝాన్సీ చేతుల మీద పడతాయి. నూతి నీళ్ళంత చల్లగా ఉన్నాయి.

"కోతలకి వొచ్చీత్తానని ఓడెక్కినాడు మీ ముత్తాత. మొగుడున్నదాన్ని గదాని రోజూ ఈ బొట్టెట్టుకున్నాను. ఉన్నాడా, పోయినాడా? పోతే ఎప్పుడు పోయినాడు? ఎవుళ్ళూ కబురు సెప్పనేదే."

ఝాన్సీకి తెలుసు. నర్సమ్మత్త పుట్టిన ఏడే ఆయన పోయాడు. అత్త ఎంత ముసలిదో, ఆయన పోయి అన్నేళ్ళు. ఆ మాట పైకి అంటే, యాభై ఏళ్ళు మొగుడు లేకుండా పెట్టుకున్న బొట్టవుతుంది అది. ఆ ఇంటికి పేరంటాలే లేకుండా పోతుంది, రేపటి పెళ్ళికి అండ ఉండదు. అనకపోతే, తవిటినాయుడు ఆడిన అబద్ధం తను మళ్ళీ ఆడినట్టే.

"సెప్పు. సెప్పినదాకా సీర ఒగ్గకు. నానూ ఒగ్గను."

ఒక చెయ్యి మెల్లగా లేచి బొట్టు దగ్గర ఆగుతుంది, తుడవడానికి సిద్ధంగా. "ముత్తాత..." అంటుంది ఝాన్సీ. గొంతులోంచి మాట రాదు, ఊక వస్తుంది, దోసిళ్ళకొద్దీ వస్తుంది.

"ఝాన్సీ! ఓలమ్మ, పెళ్ళింట ఏటే ఆ నిద్దర?"

నర్సమ్మత్త గుమ్మంలో నిలబడి కేకేస్తోంది. భోజనాలయ్యాక చాపమీద నడుం వాల్చిన ఝాన్సీ చెమటతో ముద్దయి లేచింది. పక్కనే గోరింటాకు చేతులు చాచుకుని హిమజ పడుకుని ఉంది. దాని వీపుమీద చెయ్యి వేసి చూసింది. ఊపిరి ఆడుతోంది. అప్పుడుగానీ ఝాన్సీకి తన ఊపిరి ఆడలేదు.

"పొద్దున్న పసుపు నీళ్ళల్లో తడిపిన సీర ఆరిపోనాది. దీపాలేళ అయిపోతంది. ఓ కొస అట్టుకో, మడతెట్టి సేటలో ఎట్టీద్దాం."

ఝాన్సీ వెళ్ళి ఒక కొస పట్టుకుంది. రెండో కొస పట్టుకున్న అత్త వెనక ఎండ పడి ముఖం కనబడలేదు. ఒక మడత పడింది. ఇంకొకటి పడింది. అత్త దగ్గరకొచ్చి, ఝాన్సీ చేతిలోని అంచు అందుకుని లాగింది. అది రాలేదు.

"ఒగ్గవేటే?"

"ఒగ్గనత్తా. ముందు ఒక మాట ఒప్పుకో." ఈసారి ఝాన్సీకి మాట వచ్చింది. "పూజలో అందరి ముందూ ఆవిడకి కబురు చెప్పాలి. నీ మొగుడు పోయాడమ్మా, ఫలానా ఏడు పోయాడు అని చెప్పాలి. చెప్పాకనే ఈ చీర కట్టుకుంటాను. లేకపోతే కట్టుకోను."

అత్త కొట్టొస్తుందనుకుంది. ఆవిడ కొట్టలేదు, తిట్టనూ లేదు. హిమజకి వినబడకుండా గొంతు తగ్గించి అడిగింది.

"సెప్తే ఆయమ్మ బొట్టు తీసీవాల గదే?"

అడుగుతూనే, ఒక చేత్తో చీర పట్టుకుని, రెండో చెయ్యి తన వట్టి నుదుటి మీద పెట్టుకుంది.