అక్క గట్టిగా మాట్లాడిన పూట

స్పీడుబోట్ల పందెం పదిగంటలకు. తొమ్మిదిన్నరకే బోర్డు నిండిపోయింది. నలభై ఒక్క మేకులు, నలభై ఒక్క రేకు బిళ్ళలు. పొద్దుటి ఎండకి అన్నీ తళతళలాడుతున్నాయి. అది చూసి కుదుటపడాల్సిన సిగ్నలమ్మ మాత్రం పదిహేడో నంబరు బిళ్ళని గుర్రుగా చూస్తూ నిలబడింది.

రేవులో పద్ధతి చాలా తేలిక. పడవ బయటికి వెళ్ళేటప్పుడు తన నంబరు బిళ్ళని మేకు నుంచి తీసుకెళ్ళాలి, తిరిగొచ్చాక మళ్ళీ తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి నీళ్ళమీద ఉన్నట్టు. పద్దెనిమిదేళ్ళుగా ఆ బోర్డు, ఆ గది, గది నెత్తిమీదున్న జెండాకర్ర ఆవిడ చేతిలోనే ఉన్నాయి. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఇంకెక్కడా వినిపించదు. అందరికీ సిగ్నలమ్మే.

ఈరోజు లెక్క ఇంకాస్త గట్టిది. పందెం జరిగే నాలుగు గంటలూ రేవు నుంచి దీపస్తంభం దాకా ఒక్క పడవ కూడా తిరగకూడదు. ఆ బోట్ల వేగం అలాంటిది. ఎదురుగా చిన్న పడవ ఉందని నడిపేవాడు గుర్తుపట్టేలోపు అది ఉండదు, అందులో మనిషీ ఉండడు. అందుకే సముద్రం ఖాళీ అని సిగ్నలమ్మ సంతకం పెట్టి, ఎర్రజెండా దించి పచ్చజెండా ఎక్కిస్తేనే పందెం మొదలవ్వాలని రాసుకున్నారు. రాసుకున్నప్పుడు అందరూ తల ఊపారు. తల ఊపడానికేం, ఖర్చు లేని పని.

పోయిన వారమంతా ఆవిడే ఇల్లిల్లూ తిరిగి పడవలవాళ్ళ చేత నోటీసు మీద సంతకాలు పెట్టించింది. సణిగినవాళ్ళు సణిగారు, తిట్టినవాళ్ళు తిట్టారు, చివరికి అందరూ 'ఒప్పుకున్నాను' అని రాసి ఇచ్చారు. ఒక్క బావ తప్ప. ఆవిడ సొంత అక్క మొగుడు. పదిహేడో నంబరు పడవ ఆయనదే. ఆయన పీతల బుట్టలు సరిగ్గా పందెం దారిలోనే, మూడో మలుపు దగ్గర, రాళ్ళదిబ్బ పక్కన దించి ఉన్నాయి. తీసేసుకోవడానికి ఇంకో రెండు రోజులు గడువడిగితే పందెంవాళ్ళు కుదరదన్నారు. బావ నోటీసు రెండుసార్లు చదివి, సంతకం దగ్గర 'చదివాను' అని మాత్రం రాశాడు.

"ఇదేంటి బావా?" అంది ఆవిడ.

"చదివాను కదా. అదే రాశా. అబద్ధం రాయమంటావా?" అన్నాడాయన.

ఆ మనిషి నిన్న సాయంత్రం తనంతట తానే వచ్చి, బిళ్ళ మేకుకు తగిలించి, ఆవిడ వైపు చూసి నవ్వి వెళ్ళాడు. ఆ నవ్వే ఆవిడకి రాత్రంతా మింగుడుపడలేదు. బావ నవ్వడం ఏడాదికోసారి జరిగే పని, అది కూడా ఎవరికో మూడినప్పుడు. పైగా ఆయన పడవ అందరిలా రేవులో ఉండదు. ఇంటి వెనక కాలువలో కడతాడు. అక్కడి నుంచి సముద్రంలోకి వెళ్తే రేవులో పురుగుకి కూడా తెలియదు. బిళ్ళ ఇక్కడే వేలాడుతుంటే సరి, బోర్డు నిండినట్టే.

ఆవిడ ఫోను తీసి అక్కకి చేసింది.

"అక్కా, బావేడీ?"

"పడుకున్నాడే! పొద్దున్నుంచీ పడుకునే ఉన్నాడు! ఒళ్ళు బాలేదట!" అంది అక్క.

"లేపు ఒకసారి."

"అమ్మో, ఆయన్ని లేపడమే? నీకు తెలీదూ?" అక్క గొంతు ఖంగుమంటోంది. వెనక గిన్నెలు దబదబా తోముతున్న చప్పుడు.

ఫోను పెట్టేశాక సిగ్నలమ్మ మళ్ళీ పదిహేడో బిళ్ళ వైపు చూసింది. తెలుసు. ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుసు? బావ నిద్ర మహా చిత్రమైంది. తన గురకకి తాను లేవడు గానీ, పక్కగదిలో చెంచా కిందపడితే లేచి కూర్చుంటాడు. లేచాక ఆ పూట ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. ఇరవయ్యారేళ్ళుగా ఆయన పడుకున్నాడంటే అక్క సైగలతోనే కాపురం చేస్తోంది. ఫోను వస్తే పెరట్లోకి పరిగెత్తి, కొంగు అడ్డం పెట్టుకుని గుసగుసలాడుతుంది. అలాంటి మనిషి, మొగుడు పక్కగదిలో పడుకుని ఉండగా, గిన్నెలు తోముతూ గొంతెత్తి మాట్లాడుతోందా? ఎవరి చెవిలో పువ్వు పెడదామని?

అప్పుడే మెట్లు ఎక్కి రేవు ఆఫీసరు వచ్చాడు. ఆయన వెనకే పందెం నిర్వాహకుడు, నల్లకళ్ళద్దాలాయన. ఆ వెనక ఆఫీసరు సహాయకుడు. ఒడ్డున జనం ఈలలు, మైకులో లెక్కలు, బోట్ల రొద, అన్నీ కలిసి కిటికీ అద్దాలు అదురుతున్నాయి.

"బోర్డు నిండిందిగా? కానియ్యి, జెండా మార్చు," అన్నాడు ఆఫీసరు.

"మార్చను సార్. పదిహేడో నంబరు బయటుంది."

ఆఫీసరు బోర్డు చూశాడు. దగ్గరికెళ్ళి పదిహేడో బిళ్ళని వేలితో తట్టాడు. "ఇదేంటి మరి?"

"బిళ్ళ ఇక్కడుంది. మనిషి లేడు."

"గస్తీ పడవ రెండుసార్లు తిరిగొచ్చింది. ఎవరూ లేరన్నారు. నీ దగ్గర రుజువేంటి?"

సిగ్నలమ్మ అనుమానం తప్పైతే ఉద్యోగం పోతుంది. నిజమైతే బావ లైసెన్సు పోతుంది. నోరు మూసుకుంటే బావే పోతాడు. ఆవిడకి భయం వేసింది. ఆ భయానికి ఒళ్ళు కూడా మండింది.

"మా అక్క గట్టిగా మాట్లాడింది సార్," అంది.

సహాయకుడు కిసుక్కున నవ్వాడు. నల్లకళ్ళద్దాలాయన అద్దాలు తీసి మరీ చూశాడు. ఆవిడ బావ నిద్ర సంగతి, గిన్నెల సంగతి, 'చదివాను' సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. చెబుతుంటే తనకే అది ఎంత చిన్న సంగతో తెలుస్తూనే ఉంది. అయినా ఒక్క మాట మింగలేదు.

"అమ్మా, కింద ఇన్ని వేలమంది ఎండలో నిలబడ్డారు. మీ ఇంట్లో గిన్నెల కోసం పందెం ఆపాలా?" అన్నాడు నల్లకళ్ళద్దాలాయన. "ఒకవేళ వెళ్ళాడే అనుకుందాం. రూలు తప్పింది ఆయన. ఏం జరిగినా బాధ్యత ఆయనదే."

"పోయాక తప్పెవరిదో తేల్చుకోడానికి కాదు సార్ ఈ రూలు. పోకుండా ఉండటానికి. మా బావ మొండివాడే. నోటీసంటే లెక్కలేనివాడే. మొండివాడైతే మాత్రం మీ బోటు కింద పడాలా?"

"నీకు మెమో ఇవ్వాల్సొస్తుంది," అన్నాడు ఆఫీసరు. ఆయన మొహం కందగడ్డలా అయింది. "పక్కకి తప్పుకో. ఇంకొకరి చేత సంతకం పెట్టిస్తా."

"పెట్టించండి సార్. నేను అడ్డం రాను." ఆవిడ కాగితం బల్లమీద పరిచి, దానిమీద పెన్ను పెట్టింది. "ఎవరు పెట్టినా సరే, కింద పేరు మాత్రం అర్థమయ్యేలా రాయండి. రేపు మా అక్కకి చూపించాలి."

సహాయకుడికి ఉన్నట్టుండి ఫోను వచ్చింది, మోగకుండానే. చెవికి పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. నల్లకళ్ళద్దాలాయన తనకి ఆ అధికారం లేదని నీళ్ళు నమిలాడు. ఆఫీసరు పెన్ను తీసి, మూత తీసి, కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. మళ్ళీ మూత పెట్టాడు. మైకులో మనిషి పదిగంటలైందని రెండోసారి అరిచాడు. జనం గోల మొదలుపెట్టారు. ఎవరో నీళ్ళసీసా విసిరితే అది వచ్చి గోడకి తగిలింది. సిగ్నలమ్మ జెండా తాడు రెండు చుట్లు చేతికి చుట్టుకుని కుర్చీలో కూర్చుంది. లేపితే తాడుతో సహా లేపాలి.

"గస్తీ వాళ్ళని ఇంకోసారి పంపండి," అన్నాడు ఆఫీసరు వైర్‌లెస్‌లో, ఎవరివైపూ చూడకుండా.

"మూడో మలుపు. దిబ్బ వెనక్కి వెళ్ళమనండి," అందావిడ.

ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఆ ఇరవై రెండు నిమిషాల్లో ఆవిడని తిట్టనివాడు రేవులో లేడు. తిట్లన్నీ వినిపిస్తూనే ఉన్నాయి, కిటికీ మాత్రం మూయలేదు. తర్వాత వైర్‌లెస్ గరగరమంది.

"దొరికాడు సార్. దిబ్బ చాటున. బుట్టల తాడు ఇంజను పంకాకి చుట్టుకుపోయింది. మనిషి నీళ్ళలోకి దిగి కోస్తున్నాడు. తల ఒక్కటే పైకి కనిపిస్తోంది."

మలుపు తిరిగే బోటుకి దిబ్బ అవతల ఏముందో కనపడదు. అందులోనూ నీళ్ళమీద తేలే ఒక నెరిసిన తల. ఆఫీసరు బల్లమీది కాగితాన్ని మెల్లగా ఆవిడ వైపు జరిపాడు. సిగ్నలమ్మ చేతికి చుట్టుకున్న తాడు విప్పుకుంది.

బావని, పడవని రేవుకి లాక్కొచ్చారు. ఒళ్ళంతా ఉప్పునీళ్ళు కారుతూ మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరడిగారు నిన్ను?" అన్నాడు. "ఇంకో పావుగంటలో కోసేసి వచ్చేవాణ్ణి."

"ఆ పావుగంట నేనిచ్చిందే బావా," అందావిడ. పదిహేడో బిళ్ళని మేకు నుంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇప్పుడు తగిలించు. నిజంగా వచ్చావుగా."

ఆయన బిళ్ళని, ఆవిడని మార్చి మార్చి చూశాడు. మేకుకి తగిలించాడు. అప్పుడు ఆవిడ సంతకం పెట్టి, ఎర్రజెండా దించి పచ్చది ఎక్కించింది. కింద జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆవిడ పట్టించుకోలేదు.

బావ లైసెన్సు ఆర్నెల్లు ఆపేశారు. అక్క ఫోను ఎత్తడం మానేసింది. సొంత చెల్లెలే నలుగురిలో తన మాట అబద్ధమని చెప్పిందట, మొగుడి నోటి దగ్గర కూడు లాగేసిందట. ఈ మాటలన్నీ సిగ్నలమ్మకి ఇరుగుపొరుగు నోటి నుంచే చేరాయి. పందెం అరగంట పైగా ఆలస్యం చేసినందుకు, ఊహల ఆధారంగా విధులు నిర్వర్తించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని మెమో కూడా చేరింది. మెమో ఆవిడని బాధపెట్టలేదు. అక్క మౌనం మాత్రం అన్నం తిననివ్వలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ తెల్లకాగితం ముందేసుకుని కూర్చుని ఉండగా ఫోను మోగింది. అక్క.

"నీతో మాట్లాడనని చెప్పడానికే చేశా," అంది అక్క.

గుసగుసగా అంది. కొంగు అడ్డం పెట్టుకుని మరీ అంది. ఆ గుసగుస వెనక, పెరటి దాకా వినిపిస్తూ, బావ గురక.

"సరే అక్కా," అంది సిగ్నలమ్మ, తనకి తెలియకుండానే తనూ గుసగుసగా.

ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టెయ్యలేదు. కాసేపు ఆ గురకే విన్నారు. తర్వాత అటు ఏదో చెంచా పడ్డ చప్పుడైంది. అక్క "అయ్యో" అనుకుంటూ పెట్టేసింది.

సిగ్నలమ్మ కళ్ళు తుడుచుకుని, పెన్ను తీసి సంజాయిషీ రాసింది.

'మా బావ నిద్రపోతుంటే మా అక్క గట్టిగా మాట్లాడదు. ఆరోజు మాట్లాడింది. అందుకే ఎర్రజెండా దించలేదు. ఇంకోసారి మాట్లాడినా దించను.'

కింద పేరు అర్థమయ్యేలా రాసింది.