మైకు సారు మెచ్చిన వాక్యం

బడి యజమానికి పిల్లలు పెట్టిన పేరు మైకు సారు. మైకు కనపడితే చాలు, బెల్లం చుట్టూ ఈగలా వదిలేవాడు కాదు. తాను చదివింది తక్కువ, ఇతరుల చేత చదివించింది ఎక్కువ. తన ఉపన్యాసాలను తానే అచ్చు వేయించి, పిల్లల చేత బిగ్గరగా చదివించుకుని మురిసిపోయేవాడు.

ఒకరోజు ఆయన చెప్పులు టపటపలాడించుకుంటూ ఆరో తరగతిలోకి వచ్చాడు. టీచరమ్మ అతిశయోక్తి, వ్యంగ్యం చెబుతోంది. నల్లబల్ల మీద ఒక పిల్లవాడి వాక్యం ఉంది: ‘మా తమ్ముడి ఏడుపుకి వీధి దీపాలు ఆరిపోయాయి.’

“ఏంటమ్మా ఇది? ఏడిస్తే దీపాలు ఆరిపోతాయా? ఇంత పేరున్న బడిలో అబద్ధాలు నేర్పిస్తున్నారని తల్లిదండ్రులు నా మీద పడరూ?”

“నమ్మించడానికి చెబితే అబద్ధమండీ. నమ్మరని తెలిసీ చెబితే అతిశయోక్తి.”

“నా దగ్గరా ఈ మాటకారితనం?” అంటూ ముందు బెంచీలోని పిల్ల పుస్తకం లాక్కున్నాడు. ఆ పిల్లను అందరూ పిడుగు అంటారు. పుస్తకంలో ఇలా ఉంది: ‘మా సారు మాట్లాడటం మొదలుపెడితే గోడ గడియారం కూడా కదలడం మానేస్తుంది.’

టీచరమ్మ గబగబా ముందుకొచ్చింది. ఆయన మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. మొహం చాటంత అయింది.

“చూశారా! ఇలా ఉన్నదున్నట్టు రాయాలి. ఇందులో అతిశయోక్తి ఎక్కడుంది?”

వెనక బెంచీలో ఎవరో నవ్వును దగ్గుగా మార్చారు. టీచరమ్మ కిటికీ వైపు తిరిగింది. ఇన్నాళ్లూ ఈ మనిషికా నేను భయపడింది అనుకుంది. పోనీ జాలిపడదామన్నా జాలి రాలేదు.

వార్షికోత్సవంలో ఆ వాక్యాన్ని పిడుగు చేతే చెప్పించాడు. ఆ పిల్ల చేతులు కట్టుకుని గడగడా చెప్పేసి, “అప్పుడు మాకు ఆకలి కూడా తెలియదు, నిద్రలో ఉంటాం కదా!” అని సొంతంగా ఒక ముక్క తగిలించింది. హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మైకు సారే. ముందు వరుసలో ఆయన భార్య మాత్రం చేతిరుమాలు నోట్లో కుక్కుకుని తల వంచేసుకుంది.

ఇంటికెళ్లాక ఆవిడే విడమరిచి చెప్పింది కాబోలు, మర్నాడు ఆయన చిందులు తొక్కుతూ వచ్చి టీచరమ్మను పిలిపించాడు.

“నన్ను వెక్కిరించడం నేర్పుతున్నారా పిల్లలకి?”

“అది వాళ్లకు ముందే వచ్చండీ. దానికో పేరుందని చెప్పానంతే.”

“రేపట్నుంచి మీరు అ ఆలు దిద్దించే క్లాసుకి పోండి!”

“అలాగేనండీ. అక్కడి పిల్లలు నయం. అర్థం కాకపోతే కాలేదని ఒప్పుకుంటారు.”

ఆయన నోరు తెరిచేలోగా ఆమె సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఆరో తరగతికి ఇక ఆయనే వచ్చాడు. కుర్చీలో కూలబడి నిర్వచనాలు చెప్పి రాయించాడు. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. కాసేపటికి పిడుగు చెయ్యెత్తింది.

“సార్, వ్యంగ్యానికి ఒక ఉదాహరణ చెప్పరూ?”

ఆయన ఆ పిల్లను, తర్వాత తక్కిన మొహాలను అనుమానంగా చూశాడు. ఒక్కరూ నవ్వలేదు. దాంతో ఆయన అనుమానం ఇంకా పెరిగింది.

“ఉదాహరణలు పరీక్షలో అడగరు. తర్వాతిది రాసుకోండి,” అన్నాడు.